పేటెంట్ల లెక్క ఎవరి ఖాతాలో పడుతోంది?

నీతి ఆయోగ్ 2022 జులైలో ఇండియా ఇన్నోవేషన్ ఇండెక్స్ విడుదల చేసినప్పుడు పెద్ద రాష్ట్రాల్లో తెలంగాణకు రెండో స్థానం వచ్చింది. దానికంటే ముందున్నది కర్ణాటక ఒక్కటే. రెండేళ్ల తర్వాత, 2024లో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపో ప్రపంచంలోని వంద అగ్రశ్రేణి సైన్స్, టెక్నాలజీ క్లస్టర్ల జాబితా ప్రకటించింది. అందులో మన దేశం నుంచి బెంగళూరు, ఢిల్లీ, చెన్నై, ముంబై ఉన్నాయి. హైదరాబాద్ లేదు.

ఈ రెండేళ్లలో హైదరాబాద్‌లో ల్యాబులేమీ మూతపడలేదు. తేడా అంతా కొలిచిన పద్ధతిలో ఉంది. నీతి ఆయోగ్ చదువు, పెట్టుబడి, వ్యాపార వాతావరణం, పరిశోధన ఖర్చు వంటి 66 అంశాలను కలిపి చూసింది. వైపో మాత్రం ఆ ఏడాది రెండే చూసింది: అంతర్జాతీయ పేటెంట్ దరఖాస్తుల్లో ఆవిష్కర్తల చిరునామాలు, శాస్త్ర పత్రికల్లో వ్యాసకర్తల చిరునామాలు. ఆ చిరునామాలను మ్యాపు మీద గుర్తించి, ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ ఒక క్లస్టర్ ఉందని తేల్చింది.

ఒక ప్రాంతం కొత్తగా ఆలోచిస్తోందా లేదా అని కొలవడానికి పేటెంట్లనే ఎందుకు పట్టుకుంటారు? వేరే ఏదీ అంత సులువుగా దొరకదు కాబట్టి. ప్రతి దరఖాస్తు మీద తేదీ ఉంటుంది, పేర్లుంటాయి, చిరునామా ఉంటుంది, ఏ సాంకేతిక రంగానికి చెందిందో తెలిపే కోడ్ ఉంటుంది. పైగా అంతా బహిరంగ సమాచారం. కొత్తగా కనిపెట్టినవన్నీ పేటెంట్‌కు అర్హం కావని, అర్హమైనవన్నీ పేటెంట్ చేయించరని, చేయించినవాటన్నిటికీ ఒకే విలువ ఉండదని ఆర్థికవేత్త జ్వీ గ్రిలికెస్ 1990లోనే హెచ్చరించారు. అయినా ఈ లెక్కలు వదులుకోలేనంత ఉపయోగమనీ ఆయనే చెప్పారు. నా అభిప్రాయమూ అదే. లెక్కను పారేయనక్కర్లేదు కానీ, అది ఎలా తయారవుతుందో తెలియకుండా ర్యాంకులు పంచిపెట్టడం మాత్రం ఆపాలి.

ఒక దరఖాస్తు నంబరు చెప్పే సంగతులు

భారత పేటెంట్ ఆఫీసుకు నాలుగు కేంద్రాలున్నాయి: కోల్‌కతా, ఢిల్లీ, ముంబై, చెన్నై. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, కేరళ, తమిళనాడు దరఖాస్తులు చెన్నై కేంద్రానికి వెళ్తాయి. 202241తో మొదలయ్యే పన్నెండు అంకెల నంబరు కనబడిందనుకోండి. మొదటి నాలుగు అంకెలు దరఖాస్తు చేసిన సంవత్సరం, 2022. తర్వాతి 4 చెన్నైని సూచిస్తుంది. దాని పక్కనున్న 1 మామూలు దరఖాస్తు అని చెబుతుంది. ఆ 1 స్థానంలో 7 ఉంటే, అది అంతర్జాతీయ ఒప్పందం కింద బయట మొదలై ఇక్కడికి వచ్చిన దరఖాస్తు. అంటే చెన్నై కేంద్రానికి వచ్చిన దరఖాస్తులన్నీ దక్షిణాదిలో పుట్టిన ఆలోచనలు కావు. కొరియాలోనో జర్మనీలోనో పుట్టినవి కూడా ఆ కుప్పలో ఉంటాయి. కాబట్టి ఒక కేంద్రానికి ఎన్ని దరఖాస్తులు వచ్చాయన్నదాన్ని ఆ ప్రాంతపు సృజనగా చూపించడం మొదటి తప్పు. వార్తల్లో ఇది తరచూ జరుగుతుంది.

రాష్ట్రాల వారీ లెక్క దీనికంటే మెరుగు. అందులో భారతీయ దరఖాస్తుదారులను మాత్రమే రాష్ట్రాలుగా విడదీస్తారు. 2022-23లో దేశంలో దాఖలైన 82,811 దరఖాస్తుల్లో సగానికి పైగా భారతీయులవే. వాటిలో 7,600కు పైగా దరఖాస్తులతో తమిళనాడు మొదటి స్థానంలో నిలిచింది. మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్ చెరో ఐదున్నర వేలు దాటాయి. ఇక్కడ జనాభాతో భాగించి చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో 7.2 కోట్ల మంది, ఉత్తరప్రదేశ్‌లో దాదాపు 20 కోట్ల మంది. పది లక్షల మందికి లెక్కేస్తే తమిళనాడు వందకు పైనే ఉంటుంది, ఉత్తరప్రదేశ్ ముప్పై లోపే ఆగిపోతుంది. మొత్తం సంఖ్యలో పక్కపక్కనే కనబడిన రాష్ట్రాల మధ్య ఇంత దూరం ఉంది.

చిరునామా చిక్కు

అసలు మెలిక చిరునామాలో ఉంది. దరఖాస్తులో రెండు రకాల పేర్లుంటాయి. దరఖాస్తుదారు అంటే హక్కు ఎవరికి చెందాలో వాళ్లు, సాధారణంగా కంపెనీయో సంస్థో. ఆవిష్కర్త అంటే నిజంగా తల బద్దలుకొట్టుకున్న మనిషి. మన రాష్ట్రాల లెక్క దరఖాస్తుదారు చిరునామాను బట్టి నడుస్తుంది.

హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ ఉంది. కాస్త ముందుకెళ్తే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వస్తాయి. రసాయన, జీవ, భూభౌతిక శాస్త్రాలకు చెందిన ఈ మూడూ కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలు. చట్టరీత్యా సీఎస్‌ఐఆర్ ఒకే ఒక సొసైటీ, ల్యాబులకు విడిగా చట్టపరమైన ఉనికి లేదు. అందుకని తార్నాకలో ఒక శాస్త్రవేత్త కొత్త ఉత్ప్రేరకం తయారుచేస్తే, దానికి దరఖాస్తుదారు సీఎస్‌ఐఆర్. చిరునామా న్యూఢిల్లీలోని రఫీ మార్గ్, అనుసంధాన్ భవన్. మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడు, ప్రయోగం హైదరాబాద్‌లో జరిగింది, లెక్క మాత్రం ఢిల్లీ ఖాతాలో పడింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ సంగతీ అంతే. దాని ల్యాబులు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ హైదరాబాద్‌లోనే ఉన్నా దరఖాస్తు డీఆర్‌డీఓ పేరు మీదే వెళ్తుంది. ప్రభుత్వ ల్యాబులు ఇన్ని ఉన్న నగరానికి ఇది చిన్న విషయం కాదు.

బహుళజాతి కంపెనీల దగ్గరికొస్తే చిరునామా దేశమే దాటిపోతుంది. పేటెంట్ల చట్టం 39వ సెక్షన్ ప్రకారం భారత్‌లో నివసించేవాళ్లు తమ ఆవిష్కరణకు విదేశంలో దరఖాస్తు చేయాలంటే ముందు ఇక్కడి పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి, లేదంటే ఇక్కడ దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఆగాలి. అనుమతి తీసుకుని నేరుగా అమెరికాలో దాఖలు చేసే వీలుంది కాబట్టి, గచ్చిబౌలిలో పుట్టిన ఆలోచన ఇక్కడి పట్టికలోకి అసలు రాకపోవచ్చు. అమెరికా పేటెంట్ పత్రం తెరిస్తే ఆవిష్కర్త పేరు పక్కన హైదరాబాద్ అని, హక్కుదారు పేరు పక్కన రెడ్‌మండ్ అనో శాన్ డియేగో అనో కనబడుతుంది. తెలుగు ఇంజినీర్ల మేధ ఎంత, అది ఏ దేశపు ఆస్తిగా నమోదవుతోంది అన్న చర్చ నిజంగా చేయాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఈ రెండు గడులనే.

రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కూడా ఇదే చిక్కు. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్ దరఖాస్తులన్నీ ఆంధ్రప్రదేశ్ కింద లెక్కకొచ్చేవి. విభజన తర్వాత అవి తెలంగాణకు మారాయి. ఆ ఏడాదిని దాటుకుంటూ గ్రాఫు గీసి ఆంధ్రప్రదేశ్ వెనకబడిందని, తెలంగాణ దూసుకెళ్లిందని చెప్పడంలో అర్థం లేదు. గీత విరిగిన చోట సరిహద్దు మారింది, సృజన కాదు. ఇవాళ్టికీ ఉత్తరాంధ్రలో ఫ్యాక్టరీ ఉండి, రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్న మందుల కంపెనీలు చాలానే ఉన్నాయి. పరవాడ ప్లాంటులో పనిచేసే కెమిస్టు ఒక ప్రక్రియను బాగుచేస్తే, అది నమోదయ్యేది తెలంగాణలోనే.

దీనికి పరిష్కారం ఎప్పటి నుంచో ఉంది. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలోని దేశాలు ప్రాంతాల వారీగా లెక్కగట్టేటప్పుడు ఆవిష్కర్త చిరునామానే తీసుకుంటాయి. ముగ్గురు ఆవిష్కర్తలు మూడు ఊళ్లలో ఉంటే ఒక్కో ఊరికి మూడో వంతు చొప్పున వేస్తాయి. దరఖాస్తు ఎక్కడ ఎప్పుడు దాఖలైనా, మొట్టమొదటి దాఖలు తేదీనే పరిగణిస్తాయి, ఆలోచన పుట్టిన కాలానికి దగ్గరగా ఉండేది అదే కాబట్టి.

నాలుగు వేలకు ఒక పేటెంట్ వార్త

ఇంజినీరింగ్ కాలేజీల గేట్ల దగ్గర ఈమధ్య ఒక రకం ఫ్లెక్సీలు కనబడుతున్నాయి. "మా ప్రొఫెసర్ గారి పేటెంట్ పబ్లిష్ అయినందుకు శుభాకాంక్షలు" అని. పబ్లిష్ కావడం అంటే పేటెంట్ రావడం కాదు. దాఖలైన ప్రతి దరఖాస్తూ, రహస్య ఆదేశమేదీ లేకపోతే, 18 నెలల తర్వాత పేటెంట్ ఆఫీసు జర్నల్లో అచ్చవుతుంది. అంతకంటే ముందు కావాలంటే ఫారం 9 ఇస్తే చాలు. ఆ దశలో ఏ ఎగ్జామినరూ దాన్ని చదివి ఇది కొత్తదా కాదా అని తేల్చి ఉండరు.

ఖర్చు చూడండి. 2021 సెప్టెంబరులో కేంద్రం విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజును 80 శాతం తగ్గించింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు 8,000 బదులు 1,600 రూపాయలు. ముందస్తు ప్రచురణకు 2,500. మొత్తం 4,100 రూపాయలతో ఒకటి రెండు నెలల్లో పేరు జర్నల్లోకి ఎక్కుతుంది. పరీక్ష చేయమని అడగాలంటే ఇంకో 4,000 కట్టాలి. ఆ అభ్యర్థన గడువులోగా పెట్టకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అయినా దాఖలైన ఏడాది పట్టికలో అది ఒక అంకెగా మిగిలిపోతుంది.

ఫీజు తగ్గింపు మంచి నిర్ణయమేనని నేను నమ్ముతాను. డబ్బుల్లేక ఆగిపోయిన నిజమైన పని చాలా ఉంది. సమస్య దానికి జతకలిసిన మార్కులతో వచ్చింది. కేంద్ర విద్యాశాఖ కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మంజూరైన పేటెంట్లతో పాటు ప్రచురితమైన దరఖాస్తులకూ మార్కులున్నాయి. అధ్యాపకుల ప్రమోషన్ ఫైళ్లలోనూ వీటికి విలువ ఉంది. దాంతో దేశమంతటా ప్రైవేటు విశ్వవిద్యాలయాల నుంచి దరఖాస్తులు వెల్లువెత్తాయి. పారిశ్రామికంగా పెద్దదేమీ కాని పంజాబ్ పట్టికలో పైకి రావడానికి ముఖ్య కారణం అక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయాలే. "ఐఓటీ ఆధారిత స్మార్ట్" అంటూ మొదలయ్యే టైటిళ్ల కింద ఐదారు రాష్ట్రాలకు చెందిన, ఒకరికొకరు తెలియని ఎనిమిది మంది పేర్లు వరుసగా కనబడితే కొంచెం ఆగి చూడాలి. ఆవిష్కర్తల జాబితాలో చోటు ఇంత రేటు అని వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలు తిరుగుతున్నాయి. కొత్తదనం పరీక్షించకుండానే డిజైన్ రిజిస్టర్ చేసే బ్రిటన్ వంటి దేశాల సర్టిఫికెట్‌ను "ఇంటర్నేషనల్ పేటెంట్" అని చెప్పి అంటగడుతున్నారు. అధ్యాపకులను నిందించి లాభం లేదు. జీతం పెంపు ఆ కాగితం మీద ఆధారపడితే టెన్షన్‌లో ఎవరైనా ఆ కాగితం కోసమే పరిగెడతారు.

చైనా ఈ దారిలో మనకంటే చాలా దూరం వెళ్లి వెనక్కి తిరిగింది. అక్కడి స్థానిక ప్రభుత్వాలు దరఖాస్తుకు ఇంత అని నగదు ఇచ్చేవి. దరఖాస్తుల సంఖ్యలో చైనా 2011లోనే అమెరికాను దాటేసింది. కానీ నాణ్యత లేని దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోవడంతో, 2021 జనవరిలో అక్కడి మేధోసంపత్తి కార్యాలయమే దరఖాస్తు దశ సబ్సిడీలను ఆ ఏడాది జూన్ కల్లా ఆపాలని, మిగతావీ 2025 నాటికి ఎత్తేయాలని ఆదేశించింది.

అలాగైతే దరఖాస్తులు వదిలేసి మంజూరైన పేటెంట్లనే లెక్కపెడితే సరిపోదా? దానికీ ఒక ఇబ్బంది ఉంది. 2022-23లో మన పేటెంట్ ఆఫీసు 34 వేల పేటెంట్లు ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ సంఖ్య 1.03 లక్షలకు ఎగిరింది. ఒక్క ఏడాదిలో దేశం మూడు రెట్లు తెలివి మీరలేదు. ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లను ఆఫీసు వేగంగా క్లియర్ చేసింది, అంతే. మంజూరైన ఏడాది ఆఫీసు పనితీరును చూపిస్తుంది. సృజనను చూడాలంటే, మంజూరైనవాటిని తీసుకుని, అవి మొదట దాఖలైన ఏడాదికి తిప్పి రాయాలి.

చట్టం బయట పెట్టినవి

హైదరాబాద్ వైపో జాబితాలో లేకపోవడానికి నాకు కనబడే ముఖ్య కారణం ఇక్కడుంది. ఆ జాబితా ఆవిష్కర్త చిరునామాతోనే తయారైంది కాబట్టి చిరునామా చిక్కును మాత్రమే నిందించలేం. తెలుగు నేల బలంగా ఉన్న రంగాలను ఒక్కొక్కటే తీసుకుంటే, వాటిలో చాలావరకు పేటెంట్‌గా మారనివే.

మందుల పరిశ్రమ సంగతి చూద్దాం. 1970 పేటెంట్ల చట్టం మందు అణువుకు పేటెంట్ లేకుండా చేసింది, తయారీ పద్ధతికే ఇచ్చింది. 2005 జనవరి 1 వరకు అదే పరిస్థితి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌కు హైదరాబాద్‌లో ఉన్న ప్లాంటు ఒక తరం కెమిస్టులను తయారుచేసింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన వెనకే ఎందరో వచ్చారు. వాళ్ల ప్రతిభంతా అదే మందును ఇంకో దారిలో, తక్కువ దశల్లో, తక్కువ ఖర్చుతో చేయడంలో ఉంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ ద్రావకంతో స్ఫటికాలు సరిగ్గా వస్తాయో తెలిసిన కెమిస్టు ఆ సంగతి పేటెంట్‌లో రాసి ప్రపంచానికి ఎందుకు చెబుతాడు? ప్లాంటులోనే దాచుకుంటాడు. పేటెంట్ రక్షణ బలహీనంగా ఉండటం వల్లనే ఈ పరిశ్రమ ఇక్కడ పుట్టింది. ఆ రోజుల్లో కేవలం పేటెంట్లు లెక్కపెట్టి ఉంటే ఆ ఎదుగుదల కంటికే ఆనేది కాదు.

సాఫ్ట్‌వేర్‌కు అదే చట్టంలోని 3(కె) సెక్షన్ అడ్డు. కంప్యూటర్ ప్రోగ్రామ్ దానంతటదిగా పేటెంట్‌కు అర్హం కాదు. అణుశక్తికి సంబంధించిన ఆవిష్కరణలకు 4వ సెక్షన్ కింద పేటెంట్ ఇవ్వరు, కాబట్టి హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో సాధించినవి ఈ పట్టికల్లోకి రావు. రక్షణకు సంబంధించినవాటి ప్రచురణను 35వ సెక్షన్ కింద ఆపవచ్చు.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైంది విత్తనం. 3(జె) సెక్షన్ ప్రకారం మొక్కలకు, విత్తనాలకు, వంగడాలకు పేటెంట్ లేదు. పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో ఎంటీయూ 7029 వచ్చింది. మనం స్వర్ణ అంటాం. ఆంధ్ర దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, బిహార్, ఛత్తీస్‌గఢ్ పల్లపు పొలాల్లో అది దశాబ్దాలుగా పండుతోంది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, సాంబ మసూరి వచ్చింది. మన ఇళ్లలో సన్నబియ్యం అంటే చాలామందికి గుర్తొచ్చేది అదే. తూర్పు భారతంలో కోట్ల మంది కంచంలోకి వెళ్లిన ఈ పనికి పేటెంట్ పట్టికలో వచ్చిన మార్కులు సున్నా. వంగడాలకు వేరే చట్టం 2001లో వచ్చింది, వాటి రిజిస్టరు ఢిల్లీలో వేరుగా ఉంటుంది. రాష్ట్రాల ఇన్నోవేషన్ గురించి మాట్లాడేవాళ్లు ఆ రిజిస్టరును తెరవడం చాలా అరుదు. వ్యవసాయ రాష్ట్రాలను కొలిచేటప్పుడు ఇది క్షమించరాని లోపం.

భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్, కొండపల్లి బొమ్మలు, బంగినపల్లి మామిడి, ఆత్రేయపురం పూతరేకులు, తాండూరు కందులు వంటివాటికి ఈ గుర్తింపు ఉంది. వాటి మీద నాకు ఎంతో గౌరవం. కానీ జీఐ కొత్తదనానికి ఇచ్చేది కాదు, తరాలుగా నిలిచిన పేరుకు ఇచ్చేది. ఇన్నోవేషన్ పట్టికలో జీఐలను కలిపి చూపడం సరికాదు. ట్రేడ్‌మార్కులూ అంతే, అవి వ్యాపారం ఎంత చురుగ్గా ఉందో చెబుతాయి.

అదే పోచంపల్లి చీర దగ్గర అసలైన కొత్తదనం ఎలా ఉంటుందో చూడవచ్చు. రంగుల డిజైన్ వేయడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు చేతిని ఇటూ అటూ సుమారు 9,000 సార్లు తిప్పాలి. ఇంట్లో ఆడవాళ్లే చేసేవారు, భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. గంటల పని గంటన్నరకు దిగింది. దానికి పేటెంట్ వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర పట్టికలో ఆ యంత్రం విలువ ఒకటి. పరీక్షకు కూడా వెళ్లకుండా ఆగిపోయిన దరఖాస్తు విలువ కూడా ఒకటే.

బరువు ఎలా తూచాలి

ఈ రెండు ఒకట్ల మధ్య తేడా చూపే పద్ధతులున్నాయి. ఒకటి, తర్వాత వచ్చిన పేటెంట్లు దీన్ని ఎన్నిసార్లు ప్రస్తావించాయో చూడటం. ఇంకోటి, ఎన్ని దేశాల్లో దాఖలు చేశారో చూడటం, ఎందుకంటే ప్రతి దేశానికీ విడిగా డబ్బు పెట్టాలి. మన దేశంలో అన్నిటికంటే నమ్మకమైన కొలత రెన్యువల్ ఫీజు అని నాకు అనిపిస్తుంది. పేటెంట్ 20 ఏళ్లు ఉంటుంది కానీ మూడో ఏడాది నుంచి ఏటా ఫీజు కట్టాలి. చిన్న సంస్థలకు అది 800 రూపాయలతో మొదలై చివరి ఐదేళ్లలో ఏడాదికి 8,000 అవుతుంది. పెద్ద కంపెనీలకు 4,000 నుంచి 40,000 వరకు వెళ్తుంది. కట్టకపోతే పేటెంట్ రద్దవుతుంది. పదో ఏడాది కూడా ఎవరైనా ఫీజు కడుతున్నారంటే ఆ పేటెంట్ వాళ్లకు ఏదో రకంగా అక్కరకొస్తున్నట్టే. పేటెంట్‌ను దేశంలో నిజంగా వాడుతున్నారా అని హక్కుదారులు ఫారం 27లో చెప్పాలి. ఒక రాష్ట్రం గత పదేళ్లలో దాఖలు చేసినవాటిలో ఎన్ని మంజూరయ్యాయి, ఎన్నింటికి ఇంకా ఫీజు కడుతున్నారు, ఎన్ని వాడుకలో ఉన్నాయి అన్న మూడు అంకెలు ఇస్తే, మొదటి ర్యాంకు ఎవరిదన్న చర్చే మారిపోతుంది.

ఇందుకు కొత్త సర్వేలేమీ అక్కర్లేదు. పేటెంట్ ఆఫీసు జర్నల్ ప్రతి శుక్రవారం వెలువడుతుంది. దరఖాస్తు ఫారం 1లో ప్రతి ఆవిష్కర్త చిరునామా రాయాలి. పిన్‌కోడ్ 50తో మొదలైతే దాదాపు తెలంగాణ, 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్. మూడో అంకె కూడా చూస్తే ఇంకా చిన్న ప్రాంతానికి దిగవచ్చు. విశాఖ నుంచి ఎన్ని, వరంగల్ నుంచి ఎన్ని, అనంతపురం నుంచి ఎన్ని అని ఆవిష్కర్తల చిరునామాల ప్రకారం జిల్లాల వారీ పట్టిక తయారుచేయడం ఒక మంచి యూనివర్సిటీ విభాగం రెండు సెమిస్టర్లలో చేయగల పని. దాని పక్కనే వంగడాల రిజిస్టరు నుంచి మార్టేరు, బాపట్ల, జగిత్యాల, రాజేంద్రనగర్ కేంద్రాల పేరున ఉన్నవి చేర్చాలి. సీఎస్‌ఐఆర్, డీఆర్‌డీఓ దరఖాస్తుల్లో హైదరాబాద్ ఆవిష్కర్తలను విడదీసి రాయాలి. పరిశోధనకు నిధులు ఏ జిల్లాకు ఇవ్వాలో, ఏ కాలేజీలో నిజంగా ల్యాబు నడుస్తోందో తేల్చుకోవాల్సిన రెండు ప్రభుత్వాల దగ్గరా ఉండాల్సిన పట్టిక అది.